నవ్వకూడని ఫొటోలు

పొద్దున్న ఏడు కూడా కాలేదు, ఇల్లు మాత్రం సంతలా ఉంది. పరుపులు తిరగబడ్డాయి, సొరుగులన్నీ బయటికి వచ్చి పడ్డాయి. కోడలు చున్నీ నడుముకు బిగించి మంచం కింద సగం దూరింది.

"పదకొండింటికి అక్కడుండాలి. ఆ ఉత్తరం చూపించకపోతే గుమ్మం దగ్గరే ఆపేస్తారు," అంది అక్కడి నుంచే.

"నాలుగు రోజుల నుంచీ అదే మాట వింటున్నా," అన్నాడు భర్త, అలమర పైన చేత్తో తడుముతూ. "ఫైల్లోనే పెట్టానన్నావుగా?"

"పెట్టానండీ! ఈ చేత్తోనే పెట్టాను. దానికేమైనా కాళ్ళొచ్చాయా?"

అది మామూలు ఉత్తరం కాదు. ఈ దేశం వచ్చి ఏడేళ్ళయింది. ఏడేళ్ళుగా ఇక్కడ ఉండనిస్తూ ఏడాదికోసారి ఇచ్చే కార్డు మీదే బతుకు. "వచ్చే ఏడు ఉంటామో లేదో" అనుకుంటూ మడత మంచాలే కొన్నారు, మడత కుర్చీలే కొన్నారు, గోడకు ఒక్క మేకు కూడా కొట్టలేదు. ఇన్నాళ్ళకు పదేళ్ళ కార్డు ఇస్తాం, నలుగురూ రండి అని పిలుపొచ్చింది. ఇవాళ తప్పితే మళ్ళీ పిలుపు ఆరు నెలలకు. చేతిలో ఉన్న కార్డు ఈ నెలాఖరు దాకానే. భర్త నడిపేది సిటీ బస్సు. కార్డు లేని డ్రైవర్‌కు డిపోలో ఎవరూ బస్సు తాళం ఇవ్వరు.

ఇంత గోలలోనూ అత్తగారు మాత్రం తలంటుకుని, మంచి చీర కట్టుకుని, నాలుగు గిన్నెల అన్నం డబ్బా సర్దుకుని కుర్చీలో కూర్చుంది. మనవరాలికి జడ వేస్తోంది. పదేళ్ళ ఆ పిల్లను ఇంట్లో అందరూ బుడంకాయ అనే పిలుస్తారు.

"పోనీలే అమ్మాయ్. దొరక్కపోతే ఎప్పట్లాగే ఏడాది కార్డిస్తారు. కొంపలేం మునుగుతాయి?" అందావిడ.

"నాన్నమ్మా, జడ మరీ బిగిస్తున్నావు!" అంది బుడంకాయ.

అప్పుడే భర్త చొక్కా గుండీ టప్పున ఊడింది. అత్తగారు నవ్వింది. "ఊరందరి గుండీలూ కుట్టేది మా కోడలు. దాని మొగుడి చొక్కాకి మాత్రం పిన్నీసే గతి."

కోడలు పనిచేసేది బట్టలు సరిచేసే దుకాణంలో. సూదీ దారం హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఉంటాయి కానీ తెల్ల గుండీ లేదు. అత్తగారి మంచం పక్కనున్న గుండీల డబ్బా అందుకుంది.

"నువ్వుండు, నేను తీసిస్తా," అని అత్తగారు లేవబోయింది. జడ చేతిలో ఉండిపోయింది. ఈలోగా మూత వచ్చేసింది.

పైన గుండీలు లేవు. రబ్బరు బ్యాండు వేసిన ఫొటోల కట్ట ఉంది. దాని కింద, నాలుగు మడతల్లో, ఆఫీసు ముద్ర ఉన్న ఉత్తరం.



"అత్తయ్యా, ఏంటిది?" కోడలు ఉత్తరం పైకెత్తింది. "నాలుగు రోజులు! తిండీ నిద్రా లేకుండా వెతుకుతుంటే చూస్తూ కూర్చున్నారా? మీకేం లోటు చేశాను నేను? మీ అబ్బాయి ఉద్యోగం పోతే ఏం చేద్దామనుకున్నారు?"

అత్తగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఉద్యోగం పోతుందా? నాకెవరు చెప్పారమ్మా ఆ మాట? ఉత్తరం కనపడకపోతే పాత కార్డే ఇంకో ఏడాదికిస్తారనుకున్నా."

"అయినా ఎందుకు దాచావమ్మా?" అన్నాడు కొడుకు. "నీకిక్కడ ఉండాలని లేదా?"

ఆవిడ సగం వేసిన జడ విప్పి మళ్ళీ మొదట్నుంచీ అల్లసాగింది.

"ఉండాలనే ఉంది రా. నువ్వు తెల్లారకుండానే డిపోకి పోతావు. నువ్వొచ్చేసరికి ఇది దుకాణంలో ఉంటుంది, పిల్ల బళ్ళో ఉంటుంది. ఆదివారమూ నీకు డ్యూటీయే. ఏడాది మొత్తంలో మనం నలుగురం కలిసి గడప దాటేది ఆ ఆఫీసుకే. ఆ బెంచీ మీద నాలుగైదు గంటలు కూర్చుంటాం. డబ్బా విప్పుకుని తింటాం. నువ్వు చిన్నప్పట్లా నా భుజం మీద తలపెట్టి నిద్రపోతావు. పదేళ్ళకి ఒకేసారి ఇచ్చేస్తే, ఈ పదేళ్ళూ నన్నెవరు తీసుకెళ్తారు? అప్పటికి నేనుంటానో లేదో."

కోడలు చేతిలో ఉన్న కట్ట విప్పింది. కార్డు కోసం ఏటా ఆఫీసు వరండాలోని మిషన్‌లో ఫొటోలు దిగేవారు. మనిషికి నాలుగు వస్తే రెండు ఆఫీసుకు ఇచ్చేవారు. మిగతావి ఏమయ్యాయో ఆమె ఎన్నడూ అడగలేదు. అన్నీ ఇక్కడే ఉన్నాయి. మూడేళ్ళప్పుడు ఉబ్బిన బుగ్గలతో బుడంకాయ, ఏడాదికో వేలెడు వెనక్కి జరిగిన భర్త జుట్టు, ఎక్కడో చూస్తున్నట్టు తాను. ఏ ఫొటోలోనూ ఎవరూ నవ్వడం లేదు. కార్డు ఫొటోలో నవ్వకూడదని రూలు.

ఆవిడను ఇన్నేళ్ళూ ఏం కావాలని ఒక్కసారైనా అడిగానా అనిపించింది ఆమెకు. కోపం ఎటు పోయిందో పోయింది, సిగ్గు మిగిలింది.

గుండీల డబ్బా అడుగున వెతికి తెల్ల గుండీ తీసింది. భర్తను నిలబెట్టి ఒంటి మీదే చొక్కాకు కుట్టి, దారం పంటితో కొరికింది.

"అత్తయ్యా, అన్నం డబ్బా మూత గట్టిగా బిగించారా? దారిలో ఒలికితే మీ చీరే పాడవుతుంది," అంది. "లేవండి, వెళ్దాం."

పదకొండుకు అయిదు నిమిషాల ముందే చేరారు. బెంచీ మీద కూర్చున్నారో లేదో పిలిచేశారు. ఈసారి ఫొటోలు కూడా అడగలేదు, కౌంటర్ దగ్గరి కెమెరాతో వాళ్ళే తీసుకున్నారు. వేలిముద్రలు, సంతకాలు, అంతే.

"కార్డులు ఇంటికే వస్తాయి. పదేళ్ళ దాకా మీరిటు రానక్కర్లేదు," అంది కౌంటర్ అమ్మాయి, పెద్ద శుభవార్త చెబుతున్నట్టు.

భర్త గట్టిగా ఊపిరి వదిలాడు. అత్తగారు ఒళ్ళో డబ్బాను రెండు చేతులా పట్టుకుని, "అప్పుడే అయిపోయిందా?" అంది నెమ్మదిగా.

కోడలు చకచకా వెళ్ళి ఎప్పుడూ కూర్చునే బెంచీ మీదే కూర్చుంది.

"ఎక్కడ అయిపోయింది? కూర్చోండి. మూత తీయండి."

"పనైపోయిన వాళ్ళు కూర్చుంటే ఏమంటారో!"

"అడిగితే నేను చెప్తాలెండి, మా అత్తగారి డబ్బా ఇంకా అవలేదని."

తిన్నారు. బుడంకాయ రెండోసారి పెట్టించుకుంది. కొడుకు చెయ్యి కడుక్కుని వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, పదేళ్ళ కార్డుంటే నేను పర్మనెంటు. సెలవు నేను కోరిన రోజున ఇస్తారు. నెలకో ఆదివారం నీది. రేపే రాసిచ్చేస్తా."

"రాసివ్వకపోతే నేను రాయిస్తా," అంది కోడలు.

అత్తగారు కొడుకు తలను లాక్కుని భుజం మీద పెట్టుకుంది.

వెళ్ళేటప్పుడు వరండాలో ఫొటో మిషన్ దగ్గర ఆవిడ కాళ్ళు ఆగాయి. కోడలు చూసింది. చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. ఒక్కరి కోసం వేసిన స్టూలు మీద ఆవిడ, ఒళ్ళో బుడంకాయ, వెనక వంగి మొగుడూ పెళ్ళాం. అలవాటు కొద్దీ అత్తగారు మెడ నిటారుగా పెట్టి మొహం బిగించింది.

"ఇది కార్డుకు కాదత్తయ్యా. నవ్వండి!"

"ఇందులో నవ్వొచ్చా?" అంటూనే ఆవిడ నవ్వేసింది. నవ్వుతుంటే కళ్ళల్లోంచి నీళ్ళు జారాయి. సరిగ్గా అప్పుడే మిషన్ క్లిక్‌మంది.

నాలుగు ఫొటోలు వచ్చాయి. బుడంకాయ సగమే పడింది, తండ్రికి నుదురు లేదు. అందరూ పళ్ళు కనిపించేలా నవ్వుతున్నారు. ఆవిడ వాటిని కొంగుతో ఒత్తి ఆరబెట్టి, ఏటా అడిగే మాటే అడిగింది.

"ఇందులో ఆఫీసుకెన్ని ఇవ్వాలమ్మాయ్?"

"ఒక్కటీ ఇవ్వక్కర్లేదు అత్తయ్యా," అంది కోడలు. "ఈసారి అన్నీ మనవే."