యుర్కో స్థలంలో మూడు రాత్రులు

యుర్కో స్థలం అంటే జొరావా ఊళ్ళో పొద్దుగూకాక ఎవరూ అటు తొంగిచూడరు.

రెండు స్ప్రూస్ చెట్ల మధ్య కంకర పరిచిన చిన్న జాగా. ఒకప్పుడు అక్కడ యుర్కో అనే వడ్రంగి కొట్టం ఉండేది. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళకి శవపేటికలు చేసింది ఆయనే. పేటిక పూర్తయ్యాక దాన్ని ఒక దుంగ మీద అడ్డంగా నిలిపి చూసేవాడట — ముందు మోసేవాళ్ళకీ, వెనక మోసేవాళ్ళకీ బరువు సమానంగా పడాలి. పడకపోతే మేకులు పీకి మళ్ళీ మొదలు.

ఆయన పోయి ముప్పయ్యేళ్ళు. కొట్టం కూడా కూలిపోయింది. అలవాటు మాత్రం పోలేదంటారు. రాత్రిపూట అక్కడ ఎవరో ఏదో ఎత్తుతున్నట్టు... కాసేపాగి... దింపుతున్నట్టు...

ఆ జాగా దార్కా, ఇల్కోల పెరడుకి ఆనుకునే ఉంది. వాళ్ళు తమ ట్రెయిలర్‌ని అక్కడే నిలిపేవారు. ట్రెయిలర్ అంటే సామాన్లు తోలే బండి అనుకోకండి. మంచం, పొయ్యి, బీరువా, కిటికీలకి తెరలు, అన్నీ ఉన్న చక్రాల ఇల్లు. పికప్పు బండి వెనక కొక్కేనికి తగిలించుకుని సరస్సు ఒడ్డుకి లాక్కుపోవడమే.

పదిహేడేళ్ళుగా దాన్ని సర్దేదీ ఇల్కోనే, తోలేదీ ఇల్కోనే. దార్కా పనల్లా దారిపొడుగునా అతను చెప్పే పాఠాలకి తలూపడం.

ఈ ఏడు ఇల్కో కుడి భుజానికి ఆపరేషనయింది. తెల్లటి గుడ్డలో చెయ్యి మెడకి వేలాడుతోంది. ఆరు వారాలు బండి తోలకూడదు, బరువెత్తకూడదు అన్నాడు డాక్టరు. ఇల్కో ఆ మాట ఎంత శ్రద్ధగా పాటించాడంటే, సూపులో చెంచా ముంచడానికి కూడా మూలిగేవాడు. రాత్రిళ్ళు ముందుగదిలో వాలుకుర్చీలోనే పడక.

"ఎలాగూ తోలలేవు కదా, ట్రెయిలర్ నాకు అమ్మెయ్" అన్నాడు అతని పినతండ్రి కొడుకు ఒరెస్ట్. ఇల్కో మెత్తబడ్డాడు కూడా.

దార్కా మెత్తబడలేదు. ఏడాది పొడుగునా ఆమె ఎదురుచూసేది ఆ సరస్సు ఒడ్డున నాలుగు రోజుల కోసమే.

"నేను సర్దుతాను, నేనే తోలతాను. శుక్రవారం తొమ్మిదింటికి బండి గేటు దాటకపోతే ఒరెస్ట్‌కి ఇచ్చెయ్" అంది. "కానీ సర్దుడు గురించి నీ నోట్లోంచి ఒక్క ముక్క రాకూడదు. మీ అమ్మ సమాధి మీద ఒట్టెయ్."

"ఒక్క ముక్కైనా?"

"సగం ముక్కైనా."

ఇల్కో ఒట్టేశాడు.

మంగళవారం దార్కా సర్దింది. వెనకగోడకున్న బీరువా పెద్దది, చేతికి అందేది. బీట్‌రూట్ ఊరగాయ సీసాలు, ఇనప పెనాలు, బంగాళాదుంపల బస్తా, పనిముట్ల పెట్టె... బరువైనవన్నీ అందులోకి తోసింది. ముందువైపు మంచం కింద అరలో దుప్పట్లు పెట్టింది.

బుధవారం పొద్దున తలుపు తీస్తే, ఊరగాయ సీసాలు మంచం కింద ఉన్నాయి.

నేనే మర్చిపోయుంటాలే అనుకుంది. మళ్ళీ వెనక్కి మోసింది.

గురువారం పొద్దున సీసాలతో పాటు పెనాలు కూడా మంచం కిందకి చేరాయి. వరసగా... సమానంగా... కొలిచి పేర్చినట్టు.

కంచె అవతల బట్టలారేస్తున్న స్తేఫాతో చెప్పింది. స్తేఫా ఎనభై ఏళ్ళ మనిషి. యుర్కోని కళ్ళారా చూసిన మనిషి.

"బరువు మారుస్తున్నాడే" అంది స్తేఫా, గొంతు తగ్గించి. "ఆయనకి తూకం కుదరకపోతే నిద్రపట్టదు."

"ఊరుకో అక్కా. ముప్పయ్యేళ్ళయింది."

"అక్కడ ఆయనకి వేరే పనేముంటుంది? పోనీ, ఒరెస్ట్‌కి ఇచ్చి చేతులు దులుపుకోవే. ఆ తర్వాత యుర్కో వాడి ఊరగాయలు సర్దుకుంటాడు."

ఇల్కోని అడుగుదామంటే నోరు తెరవనని ఒట్టేశాడు. భయమేస్తోందని చెబుదామంటే, అదే చాలు ఒరెస్ట్‌ని పిలవడానికి. దార్కా అన్నీ మళ్ళీ వెనక బీరువాలోకి చేర్చింది. ఆ రాత్రి ఇల్కో గురక మొదలయ్యాక, ఒక దుప్పటీ, అప్పడాల కర్రా పట్టుకుని ట్రెయిలర్లోకి వెళ్ళి చీకట్లో కూర్చుంది.

దూరంగా పొలాల్లో గోధుమ కోత యంత్రాల దీపాలు కాసేపు తిరిగాయి... ఆరిపోయాయి.

చాలాసేపు ఏమీ లేదు.

తర్వాత — కంకర మీద అడుగు.

ఒకటి... ఆగింది... ఇంకొకటి.

తలుపు తెరుచుకుంది. ట్రెయిలర్ ఒకపక్కకి కొంచెం వాలింది. బరువున్న మనిషి ఎక్కినట్టు. దెయ్యాలకి బరువుంటుందా? ఆ ప్రశ్న అప్పుడు దార్కాకి తట్టలేదు.

ఆకారం ఆమెని దాటి వెనక్కి నడిచింది. బీరువా తీసింది. ఒక సీసా తెచ్చి దింపింది. టక్. మళ్ళీ వెళ్ళింది. ఇంకొకటి. టక్. ఒక్కొక్కటే... తొందరేమీ లేనట్టు.

కిటికీ వెలుతురు మీదుగా వెళ్తున్నప్పుడు చూసింది దార్కా.

దానికి ఒక్కటే చెయ్యి.

కర్ర ఎత్తబోయింది. మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది.

"యుర్కో గారూ..." అంది గుసగుసగా. "ఇది పేటిక కాదండీ... మా తిండి."

ఆకారం గడ్డకట్టుకుపోయింది. సీసా జారింది. భళ్ళుమంది.

దార్కా దీపం వేసింది.

ఎదురుగా మనిషి. మెడ నుంచి మోకాళ్ళదాకా ఎర్రగా కారుతోంది. తెల్లగుడ్డ తడిసి ముద్దయింది... బొట్లు బొట్లుగా నేల మీదకి...

ఊరగాయలో పోసిన సిర్కా పులుపు వాసన గుప్పుమంది.

బీట్‌రూట్ రసంలో తడిసి, ఎడమచేత్తో మూత ఒక్కటే పట్టుకుని, ఇల్కో.

"నువ్వా?" అంది దార్కా. "చెంచా ఎత్తలేని మనిషివి... మూడు రాత్రులుగా?"

ఇల్కో పెదాలు బిగించి పైకి చూపించాడు. ఒట్టు.

"ఒట్టుంటే? ఎందుకు మార్చావో చెప్పు."

చెప్పలేదు. ఎడమచేత్తో ఒక పొడుగు గరిటె తీసి, టీ డబ్బా మీద అడ్డంగా నిలిపాడు. ముందు కొస కొక్కెం అన్నట్టు వేలు చూపించాడు. వెనక కొస మీద ఒక వెల్లుల్లిపాయ పెట్టాడు.

ముందు కొస గాల్లోకి లేచింది.

ఎడ్లబండి తోలినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. వెనకబరువైతే కాడి పైకి లేస్తుంది, ఎడ్లకి పట్టు పోతుంది. ట్రెయిలర్‌కీ అదే లెక్క. ముందు బరువు లేకపోతే, రోడ్డు మీద పక్కనుంచి ఒక లారీ గాలి తగిలితే చాలు... తోక ఊగడం మొదలవుతుంది. ఊపు పెరిగితే తోలే మనిషిని కూడా గోతిలోకి ఈడ్చుకుపోతుంది.

దార్కా వెల్లుల్లిపాయ తీసి, మళ్ళీ పెట్టి చూసింది.

"అంటే ఇన్నాళ్ళూ నీకు తెలుసు" అంది. "మీ అమ్మ సమాధి మీద ఒట్టు నిలబడాలి. నా సమాధి లేచినా పరవాలేదు."

ఇల్కో గట్టిగా తల అడ్డంగా ఊపాడు, కాదు కాదని. అందుకే కదా అన్నట్టు, మంచం కింద వరసగా పేర్చిన సీసాల వైపు చూపించాడు. చెమటలో, బీట్‌రూట్ రసంలో అతని మొహం నొప్పితో పాలిపోయి ఉంది.

దార్కా కర్ర పక్కన పెట్టింది.

"ఇంకేమీ ముట్టుకోకు. వేలు చూపించు, చాలు."

అతను వేలు చూపించాడు. ఆమె మోసింది. బంగాళాదుంపలు సరిగ్గా చక్రాలకి పైనున్న చోటికి, పనిముట్లు ముందుకి, దుప్పట్లు వెనక్కి. మాటల్లేకుండా ఇద్దరూ అంత కుదురుగా ఏ పనీ చేసి ఉండరు.

శుక్రవారం తొమ్మిదికి అయిదు నిమిషాలుందనగా, గేటు దగ్గర జేబుల్లో చేతులు పెట్టుకు నిలబడ్డ ఒరెస్ట్‌ని దాటుకుని బండి రోడ్డెక్కింది. తోలుతున్నది దార్కా. పక్కన ఇల్కో, పెదాలు బిగించుకుని.

పెద్దరోడ్డు మీద మొదటి గోధుమ లారీ ఎదురొచ్చింది. గాలి బండిని కొట్టింది. దార్కా పళ్ళు బిగబట్టి అద్దంలోకి చూసింది.

ట్రెయిలర్ ఊగలేదు. వెనకాలే బుద్ధిగా వస్తోంది.

రెండో లారీ పోయింది. మూడోది పోయింది. దార్కా భుజాలు సడలాయి.

"సరే. ఒట్టు తీసేస్తున్నా" అంది. "ఇప్పుడు మాట్లాడు. మెచ్చుకోవాలనుంటే మెచ్చుకో."

మూడు రోజులుగా ఉగ్గబట్టుకున్న మనిషి. గొంతు సవరించుకున్నాడు.

"ట్రెయిలర్‌లోకి నీళ్ళు పట్టే గొట్టం గ్యారేజీలో మేకుకే వేలాడుతోంది."

"ఎప్పుడు చూశావు?"

"బుధవారం."

దార్కా ఇంకో లారీని దాటనిచ్చింది. తర్వాత చాలా నెమ్మదిగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది.

"సరస్సు నిండా నీళ్ళే ఇల్కో. బకెట్ నేను మర్చిపోలేదు. నీ ఎడమచెయ్యి ఎంత గట్టిదో నిన్న రాత్రే చూశాను."