మూడుసార్లు మూసిన ఫిర్యాదు

ఆ ఇంట్లో తెల్లవారితే మొదట వినిపించేది అత్తగారి గొంతే. "ఏమే నిదానం, టీ చల్లారి గడ్డకట్టేలా ఉంది, వచ్చి తాగవే!" అని ఆవిడ వంటింట్లోంచి కేకేస్తే, "వస్తున్నానమ్మా" అన్న జవాబు వెంటనే వస్తుంది గానీ మనిషి రావడానికి పావుగంట పడుతుంది. ఆవిడ కూతురి అసలు పేరు ఏనాడో మరుగున పడింది. చిన్నప్పుడు జడ వేసుకోవడానికి గంట పట్టేదని తండ్రి పెట్టిన ముద్దుపేరు, ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చినా వదల్లేదు.

ఆ రోజు మాత్రం నిదానం అందరికంటే ముందే లేచి, తల దువ్వుకుని, తన గదిలో కంప్యూటరు ముందు కూర్చుంది. అన్నగారు అప్పటికే డ్యూటీకి వెళ్ళిపోయాడు. వారానికో రోజు ఇంటి నుంచి పనిచేసే వదిన, చేతిలో కప్పుతో ఆ గదిలోకి తొంగిచూసింది. తెర మీద పాత భవనం ప్లాను ఒకటి, దాని కింద ఒక పచ్చగీత. ఆ గీత సగం దాకా వచ్చి ఆగిపోయి ఉంది.

"ఏంటి, ఇంత పొద్దున్నే మొదలుపెట్టావు?"

"పదకొండింటికి మా సూపర్‌వైజరు ఫోన్ చేస్తారట వదినా. నలభై రోజులుగా నా ఫైళ్ళు ఒక్కటీ టైముకి చేరలేదు. మూడుసార్లు కంప్లయింటు పెట్టినా లాభం లేకపోయింది. ఇవాళ్టితో సరి అంటారేమో."

వదిన గొంతులో టీ అడ్డం పడింది.

సంగతేమిటంటే, ఇద్దరిదీ ఒకే కంపెనీ. పాత భవనాల ప్లాన్లను స్కాన్ చేసి, చెరిగిపోయిన గీతల్ని మళ్ళీ గీసి భద్రపరచడం దాని పని. నిదానం గీతలు దిద్దుతుంది. దిద్దిన ఫైళ్ళను వీపీఎన్ మీదుగా, అంటే ఇంటికీ ఆఫీసుకీ మధ్య బయటివాళ్ళెవరూ తొంగిచూడకుండా వేసుకున్న దారి మీదుగా పంపుతుంది. ఆ దారి చెడితే బాగుచేసే సపోర్ట్ విభాగంలో వదిన పదేళ్ళుగా పనిచేస్తోంది. ఆడపడుచును ఒప్పందం మీద ఉద్యోగంలో చేర్పించింది కూడా తనే. చేర్పించిన రోజునే ఒట్టు వేయించుకుంది. "ఇంట్లో ఆఫీసు మాటలొద్దు, ఆఫీసులో మన చుట్టరికం వద్దు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకుంటున్నామని ఎవరూ అనకూడదు."

నిదానం ఆ మాటను అక్షరాలా పాటించింది. ఫైళ్ళు కదలకపోతే పక్కగదిలోని వదిన తలుపు తట్టకుండా, అందరిలాగే ఫారం నింపి ఫిర్యాదు పెట్టింది. ఒకటి కాదు, మూడు. మూడూ వదిన ముందుకే వచ్చాయి. 'మనవాళ్ళది ముందు చూస్తే మాటొస్తుంది' అనుకుందా మహాతల్లి. పైగా 'దీనికి జడ వేసుకోవడానికే గంట, ఇక ఫైలుకి ఎంత పడితే ఏం' అని నవ్వుకుంది కూడా. చదవకుండానే 'ఇంటి కనెక్షన్‌లో లోపం' అన్న తయారు వాక్యాన్ని అతికించి మూసేసింది. అదే ఇంట్లో, అదే కనెక్షన్ మీద తనూ పనిచేస్తూ! మూసినవాళ్ళ పేరు అవతలివాళ్ళకు కనబడదు. ఫిర్యాదులు ఎంత త్వరగా మూస్తే అంత మంచి పేరు. విభాగానికి పెద్దగా వదిన పేరు వచ్చే వారమే ఖాయం కావాలి.

ఇంతలో అత్తగారు గుమ్మంలోకి వచ్చింది. "ఇంట్లో వైద్యుణ్ణి పెట్టుకుని ఊరంతా మందుకు తిరిగినట్టుంది మీ వరస. ఆ సపోర్టో గిపోర్టో, ఎవరో గానీ వాళ్ళ చేతులు పడిపోను! మూడుసార్లు మొత్తుకుంటే ఒక్కసారైనా చూడొద్దూ?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది వదినకి. "తిట్టకండి అత్తయ్యా, వాళ్ళకీ పని ఎక్కువ," అంది.

"నువ్వు వాళ్ళని వెనకేసుకురాకు. నీలాంటిది ఇంకొకత్తె అక్కడుంటే దీనికి ఈ గతి పట్టేదా?"

వదిన కుర్చీ లాక్కుంది. "లే నిదానం, ఒకసారి నన్ను చూడనీ."

"వద్దులే వదినా, నీకు మాటొస్తుంది," అంది నిదానం. తను నేర్పిన మాటే వదినకి చెంపదెబ్బలా తగిలింది.

మొదట వీపీఎన్ ఆపేసి, ఒక పెద్ద ఫొటోను వేరే చోటికి పంపి చూసింది వదిన. క్షణాల్లో వెళ్ళిపోయింది. ఇంటి కనెక్షన్ పాపం ఏమీ లేదన్నమాట. అది తేలడానికి రెండు నిమిషాలు పట్టలేదు.

"ఏవి వెళ్తున్నాయి, ఏవి వెళ్ళడం లేదు?"

"చిన్న చిన్న మెయిళ్ళు వెళ్తాయి వదినా. పెద్ద ప్లాన్లే సగంలో ఆగి, మళ్ళీ మొదలై, మళ్ళీ ఆగుతాయి. మూడు కంప్లయింట్లలోనూ రాశానుగా."

 ఆ ఒక్క వాక్యం చదివి ఉంటే వదినకి రోగమేమిటో అప్పుడే తెలిసిపోయేది. ఫైలును ముక్కలు చేసి పంపేటప్పుడు వీపీఎన్ ప్రతి ముక్కకీ పైన ఇంకో కవరు తొడుగుతుంది. కవరుతో కలిపి ముక్క లావైతే దారిలో పట్టదు, పడిపోతుంది. దాన్నే మళ్ళీ పంపాలి, మళ్ళీ పడిపోతుంది. నలభై రోజుల కిందట కంపెనీ కొత్త వీపీఎన్‌కి మారింది. దాని కొలత ఈ ఇంటి లైనుకు సరిపోలేదు. వదిన పంపేవన్నీ చిన్న మెయిళ్ళే కాబట్టి తనకి తెలియలేదు. వదిన ముక్క పరిమాణం తగ్గిస్తూ పరీక్షించింది. పద్నాలుగు వందల బైట్లకు జవాబు లేదు. పదమూడు వందల అరవైకీ లేదు. పదమూడు వందల ఇరవై అనగానే టక్కున పలికింది. ఆ అంకెనే సెట్టింగులో పెట్టి ప్లానును మళ్ళీ పంపింది.

పచ్చగీత జరజరా చివరిదాకా పాకింది. ప్లాను మొత్తం వెళ్ళడానికి పట్టింది నాలుగు నిమిషాలు.

"ఇంతేనా!" అంటూ నిదానం వదిన మెడ చుట్టూ చేతులేసింది. "నువ్వు లేకపోతే ఏమైపోయేదాన్ని వదినా!"

వదిన మెల్లగా ఆ చేతులు విడిపించుకుంది. బాగైపోయిందిగా, ఇంకా చెప్పడమెందుకు అని మనసు నచ్చజెప్పింది. చెబితే పదోన్నతి పోతుందని కూడా గుర్తుచేసింది. వదిన లేచి గుమ్మం దాకా వెళ్ళింది గానీ, పదకొండయ్యేదాకా ఆ చుట్టుపక్కలే తచ్చాడింది.

సరిగ్గా పదకొండింటికి ఫోన్ మోగింది. నిదానం స్పీకరు పెట్టింది.

"ఇవాళ పొద్దున్నుంచి బాగానే వెళ్తున్నాయండీ."

"సంతోషమమ్మా," అన్నాడు సూపర్‌వైజరు. "కానీ ఈ నలభై రోజుల సంగతేంటి? సపోర్ట్ వాళ్ళు మూడుసార్లు చూసి, మీ ఇంట్లోనే లోపమని రాశారు. దాన్ని బాగుచేయించుకోవలసింది మీరేగా. ఒప్పందం ఆపెయ్యమని పైనుంచి చెప్పారు."

"నాదే తప్పండీ," అంది నిదానం తల దించుకుని. "నా చెయ్యి మొదట్నుంచీ కాస్త నెమ్మది."

ఇక వదిన ఆగలేకపోయింది. ఒక్క అంగలో ఫోన్ దగ్గరికి వచ్చింది. "తన తప్పు కాదండీ! ఆ మూడు కంప్లయింట్లూ మూసింది నేను. ఒక్కటీ చూడలేదు. లోపం మన వీపీఎన్ సెట్టింగులో ఉంది, ఇప్పుడే సరిచేశాను. నేను తన వదినని. ఇదే ఇంట్లో ఉంటాను."

 "అదంతా రాసి పంపండి. మీ పెద్దలకీ, మా పెద్దలకీ. అందాకా ఒప్పందాన్ని రద్దు చెయ్యను," అని ఆయన పెట్టేశాడు.

నిదానం వదిన వైపు తిరిగింది. "మూడూ నువ్వేనా?"

"నేనే."

"నా పేరు చూసి కూడానా?"

"నీ పేరు చూసే."

నిదానం కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఇవి కొత్తవి వదినా. పోయిన నెల చేయించుకున్నాను. చూపు మందగించి ఆలస్యమవుతోందేమో అనుకున్నాను. పాతవే చాలని డాక్టరన్నా వినలేదు. పెట్టుకుంటే తల పగిలిపోతుంది, అయినా పెట్టుకుంటున్నాను."

నెలరోజులుగా రెండు పూటలా ఎదురెదురుగా కూర్చుని తింటున్నా, ఆ అద్దాలు మారాయని వదిన గమనించలేదు. తను ఆఫీసుకు పరుగులు తీసిన తొలి ఆరేళ్ళూ తన కొడుకును సాకింది ఈ మనిషే. దుఃఖం తన్నుకొచ్చింది. "నన్ను తిట్టవే, నాలుగు దులిపెయ్యవే," అంటూ వెక్కివెక్కి ఏడ్చింది. అత్తగారు కూతురి వంకా కోడలి వంకా చూసి, ఎవర్ని ఓదార్చాలో పాలుపోక, ఇద్దరికీ మంచినీళ్ళు తెచ్చిపెట్టింది.

కాసేపటికి వదిన కళ్ళు తుడుచుకుని ఉత్తరం మొదలుపెట్టింది. 'నా పొరపాటు వల్ల మూడు ఫిర్యాదులు పరిష్కారం కాకుండా మూతపడ్డాయి' అని రాసింది. నిదానం వెనక నిలబడి చదివింది.

"పొరపాటంటావేంటి వదినా? చూసి తప్పు లెక్క కడితే పొరపాటు. నువ్వసలు చూడలేదుగా."

వదిన వేళ్ళు ఆగిపోయాయి. పొరపాటుకైతే పెద్దలు మందలించి వదిలేస్తారు. ఆ మాట తీసేస్తే ఇక పదవి మీద ఆశలుండవు. ఒక్క నిట్టూర్పు విడిచి, వాక్యమంతా చెరిపేసింది. 'మా ఆడపడుచు పేరు చూసి, చదవకుండా మూసేశాను' అని రాసింది.

"ఇప్పుడు సరేనా?"

నిదానం పక్క కుర్చీలో కూర్చుని రెండుసార్లు చదివింది. తలూపింది. మౌసు పట్టుకున్న వదిన చేతి మీద తన చెయ్యి వేసింది. ఉత్తరం వెళ్ళిపోయింది.

"కోపం పోయిందా?" అనడిగింది వదిన చిన్నగా.

"పోలేదు," అంది నిదానం, చెయ్యి మాత్రం తియ్యకుండా. "పోయేదాకా ఇక్కడే కూర్చుంటాను."