పన్నెండో ఊపిరి

నూకరత్నం వార్డులోకి వచ్చేసరికి గోడమీది శ్వాసఫలకం ఆ ఉదయపు లెక్క చూపిస్తోంది. ఉబ్బస రోగులు, జన్యు తరగతి నాలుగువందల పదిహేడు. జీవించి ఉన్నవారు: పన్నెండుగురు.

వారిలో ఒకరు ఎదురుగా మంచం మీదున్న ఆమె తండ్రి పైడిరాజు. మెదడులో రక్తనాళం చిట్లి నాలుగు నెలలైంది. అప్పటినుంచి తెలివి లేదు. గొంతులోని గొట్టం గుండా యంత్రమే ఊపిరి పోస్తోంది. ఉబ్బసం మందూ అందులోంచే వెళుతోంది.

ఆ రోజుల్లో విశాఖలో ఉబ్బసంతో చనిపోయేవారు దాదాపు లేరు. పూర్వం అందరికీ ఒకే మందు పీల్పించేవారు. ఒకరికి నిమిషంలో ఊపిరి తిరిగేది, పక్కమంచం మీదివాడికి అదే మందు ఉత్త గాలి. ఆ తేడా చాలావరకు జన్యువుల్లోనే ఉందని తేలాక, ఒక్కో తరగతికి ఒక్కో 'అచ్చుమందు' పుట్టింది. ఒక తరగతి మందు ఇంకొకరికి పనికిరాదు. దానికొక నియమం పెట్టారు: మందు క్షేమమని రోజూ రుజువు కావాలంటే కనీసం పన్నెండుగురి ఊపిరి వివరాలు ఆ మందులు తయారుచేసే పీఠానికి అందాలి. ఒక్కరు తగ్గినా తయారీ ఆగిపోతుంది. లక్షల మందిని మనసులో పెట్టుకుని రాసిన నియమం అది.

నూకరత్నానికి ఇదేమీ పట్టలేదు. ఆమెది తల్లి పోలిక, ఉబ్బసం లేదు. యంత్రం తీసేయమని డాక్టరుకి చెప్పడానికే ఆ రోజు వచ్చింది.

వార్డు గుమ్మం దగ్గర బల్లమీద ఒక నిండు గర్భిణి కూర్చుని ఉంది. నూకరత్నాన్ని చూసి లేచింది.

"అక్కా, నా పేరు సువార్త. బడిలో లెక్కలు చెబుతాను. మీ నాన్నగారి తరగతే నాది."

"ఏటి కావాలమ్మా?"

"యంత్రం తీయిస్తున్నారని విన్నాను." ఆమె కాసేపు ఆగి ఊపిరి తీసుకుంది. "ఇంకో నెల ఉంచండక్కా. నాకు పుట్టే బిడ్డది కూడా ఇదే తరగతి అయితే లెక్క సరిపోతుంది. అప్పుడు ఆయన్ని..."



"బిడ్డదేటో ఇప్పుడు తెలీదా?"

"కడుపులో ఉండగా జన్యువులు చదవకూడదని చట్టం కదా. సగానికి సగం అవకాశం ఉందన్నారు."

నూకరత్నం ఆమెను ఎగాదిగా చూసింది. "అంటే నీ బిడ్డకి ఉబ్బసం రావాలని కోరుకుంటన్నావా?"

సువార్త తలదించుకుంది. "ప్రతి ఆదివారం మా సంఘంలో గర్భిణుల కోసం ప్రార్థన చేస్తారు. నా పేరు ఇవ్వలేదక్కా. ఏమని అడగమంటాను?"

తెలివి ఉన్న రోజుల్లో పైడిరాజు ఒక మాట అనేవాడు, "నాకు గొట్టాలెట్టించకే, రత్నం" అని. ఆ మాట నూకరత్నం ఎవరికీ చెప్పలేదు. కాన్పు దాకా ఉంచుతానని సువార్తకి మాటిచ్చింది.

ఆ నెలంతా ఆమె రోజూ తండ్రి వీపు తుడిచింది. పుండ్లు పడ్డాయి. తెలివి లేకపోయినా కట్టు మార్చేటప్పుడు ఆయన కనుబొమలు ముడిపడేవి. అది నొప్పి కాదని నర్సు చెప్పేది. నూకరత్నం నమ్మేది కాదు.

సువార్తకి ఆడపిల్ల పుట్టింది. ఆ తరగతివాళ్ళు నలుగురు ఆసుపత్రికి వచ్చారు. జన్యువులు చదివే యంత్రం గంటలో ఫలితం చెప్పింది: ఉబ్బసం రాదు, ఏ అచ్చుమందూ అక్కర్లేదు.

నర్సు నవ్వుతూ చదివింది. గదిలో ఎవరూ నవ్వలేదు. ఒక ముసలాయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు. బిడ్డ గది అదిరేలా ఏడుస్తోంది. ఆ గొంతులో పిల్లికూత జాడైనా లేదు. పొత్తిళ్ళలోని కూతుర్ని చూసుకుంటూ సువార్త వెక్కివెక్కి ఏడ్చింది.

"మీరన్న గడువు అయిపోయింది," అన్నాడు డాక్టరు, పైడిరాజు మంచం దగ్గర నూకరత్నంతో.

"ఉండనీండి, బాబూ."

"ఇంకెన్నాళ్ళు?"

ఆమె తడిగుడ్డ పిండి తండ్రి వీపు తుడవడానికి వంగింది.

కాన్పయిన పదిహేడో రోజున పుండ్లలోని విషం రక్తానికి ఎక్కింది. యంత్రం ఊపిరి పోస్తూనే ఉంది కాని పైడిరాజు గుండె ఆగిపోయింది. గంట తిరక్కుండా మిగిలిన పదకొండుగురికీ పీఠం నుంచి కబురు అందింది. ఎంతో మర్యాదగా రాశారు. ఇళ్ళలో ఉన్న మందు తొమ్మిది రోజులు వస్తుంది. ఆ తర్వాత పాతకాలపు మందు వాడుకోవచ్చు. అది తమమీద పనిచేయదని ఆ పదకొండుగురికీ చిన్నప్పటి నుంచీ తెలుసు.

దినాల ఇంటికి సువార్త బిడ్డతో వచ్చింది. మందు పొదుపుగా పీలుస్తున్నట్టుంది, మూడు మెట్లు ఎక్కేసరికే ఆయాసపడింది. దండ వేసిన ఫొటో ముందు కూలబడి చాలాసేపు ఏడ్చింది.

"నేను ఆయన కోసం ఏడవడం లేదక్కా," అంది చివరికి, సిగ్గుతో.

"తెలుసమ్మా," అంది నూకరత్నం. సువార్త ఊపిరి కూడదీసుకునేదాకా పిల్లని తన ఒళ్ళోకి తీసుకుంది.