పుట్టి మునిగిన చోటు

విరజ అనే ఏటి ఒడ్డున కంచుకోట అనే రాజ్యం ఉండేది. దానికి శత్రువుల బెడద లేదు, కరువూ లేదు. అయినా ఒక్క వేసవిలో అక్కడ నలభై మంది నీళ్ళలో మునిగి చచ్చిపోయారు. చిత్రమేమిటంటే, వాళ్ళలో ఒక్కరూ ఏటి దగ్గరికి పోలేదు. ఒకడు అంగడి అరుగు మీద, ఒకామె పొయ్యి ముందు, మంచి ఎండలో, పొడి నేల మీద, నోటి నుంచీ ముక్కు నుంచీ ఏటినీళ్ళు కక్కుకుని పోయారు.

అంతకు ముందు వాళ్ళందరూ అన్నది ఒకటే మాట: "ఇప్పుడేం పుట్టి మునిగిందని?" మీరూ అంటూనే ఉంటారు లెండి. బడికి వేళయింది లేవమని అమ్మ అరిస్తే, ఏం పుట్టి మునిగిందని గొణిగి మళ్ళీ ముసుగుతన్నే ఘనులు మీలో ఎంతమంది లేరు? పుట్టి అంటే వెదురు బద్దలతో బుట్టలా అల్లి, అడుగున తోలు కుట్టిన గుండ్రటి పడవ. ఆ మాట ఎక్కడిదో ఎవరికీ తెలియదు. ఆ వేసవిలో అన్నవాళ్ళు మాత్రం మూడో రోజు దాటడం లేదు.

ఆ మాట ఎవరూ అనకూడదని రాజు దండోరా వేయించాడు. నాలుకకు అలవాటైన మాట దండోరాకు ఆగుతుందా? పుట్టి నడిపే ఓబులేసు ఒక మధ్యాహ్నం తోలు కుట్టుకుంటున్నాడు. అన్నం చల్లారిపోతోందని కూతురు పిలిస్తే పరాకున ఆ మాట అనేశాడు. మరుక్షణం గొంతు పడిపోయింది, నోటి వెంట నీళ్ళు కారసాగాయి. కూతురు నాంచారికి పధ్నాలుగేళ్ళు. తల్లి లేదు, ఉన్నది ఆ నాయన ఒక్కడే. వైద్యుడు నాడి చూసి పెదవి విరిచాడు. ఆమె గుండె చెరువైంది. కానీ ఏడుస్తూ కూర్చుంటే ఉన్న మూడు రోజులూ గడిచిపోతాయి. అందుకని కళ్ళు తుడుచుకుని, అడవిలో ఉండే ముని దగ్గరికి బయలుదేరింది.

ముళ్ళకంపల్లో నడిచి నడిచి కాళ్ళు నెత్తురు కారాక ముని గుహ కనిపించింది. ఆయన విసుగ్గా కళ్ళు తెరిచాడు.

"సామీ, మా నాయన సచ్చిపోతాండాడు. ఆ మాటలో ఏముందో చెప్పు," అంది నాంచారి.

"ప్రతి మాటా ఎవరో ఒకరి బతుకులోంచి వచ్చిందే. మీరంతా దాన్ని వాడుకుంటారు గాని అది ఎవరిదని అడగరు. ఎగువ మడుగులో ముసలి తాబేలు ఉంది, దానికి తెలుసు. విన్నాక తట్టుకోలేకపోతే నన్ను తిట్టుకోకు," అని ముని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

మర్నాడు పొద్దెక్కేసరికి ఆమె మడుగు చేరింది. బండంత తాబేలు మెడ నిండా జలగలు వేలాడుతున్నాయి. "ఇవి పీకితే చెప్తా," అంది తాబేలు. నాంచారి నడుము లోతు నీళ్ళలో నిలబడి ఒక్కొక్కటే పీకింది. పీకినవి ఆమె చేతులకే పట్టుకున్నాయి. ఆమెకు కళ్ళు తిరిగాయి, అయినా చివరిదాకా వదల్లేదు.

అప్పుడు తాబేలు చెప్పింది. "ఇన్నూరేండ్ల కిందట ఏరు పొంగిన రోజున, నిండిన పుట్టిలో తన గుర్రాన్నీ ఎక్కించమన్నాడు అప్పటి రాజు. మునిగిపోతామని పుట్టి నడిపేవాడు మొత్తుకుంటే మెడ మీద కత్తి పెట్టినాడు. నడి ఏట్లో గుర్రం బెదిరింది. గుర్రం తోక పట్టుకుని రాజు ఒడ్డు చేరినాడు, మిగతావాళ్ళు చేరలేదు. ఆ సంగతి ఎవరూ ఎత్తకూడదని, పోయినవాళ్ళ కోసం ఏడవకూడదని ఆజ్ఞ వేసినాడు. ఏడ్చిన ఒకామెకు నాలుక కోయించినాడు. భటులు ఇల్లిల్లూ తిరిగి, కళ్ళెందుకు ఎర్రగున్నాయని అడుగుతుంటే, తల్లులు కొంగుతో ముఖం తుడుచుకుని, 'ఏం పుట్టి మునిగిందని ఏడుస్తాం అయ్యా, పొయ్యి పొగ' అనేవాళ్ళు. ఆ మాట పిల్లలు విన్నారు. వాళ్ళ పిల్లలు నవ్వుతా అన్నారు. మునిగినవాళ్ళు ఇంకా నడి ఏటి సుడిగుండం అడుగునే ఉన్నారు, వాళ్ళు ఒడ్డు చేరితే గాని ఇది ఆగదు."

ఆ వేసవికి ముందు నాంచారి కూడా ఆ మాట ఎన్నోసార్లు నవ్వుతూ అన్నదే. ఆమెకు సిగ్గేసింది.

మూడో రోజు ఉదయం ఆమె ఆ సుడిగుండంలోకి దూకింది. సుడి అడుగున బావిలాంటి ఖాళీ ఉంది. అందులో ఒక పుట్టి, పుట్టిలో మనుషులు. తెడ్డు పట్టుకుని, ఒళ్ళంతా పాచి పట్టిన రాక్షసుడు నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు ఆ పుట్టి నడిపినవాడే అతను.

"ఇన్నూరేండ్లు ఓర్సుకున్నాం, ఇంక ఓర్సుకోలేం. మా సావు మీకు ఎగతాళి అయింది. నవ్వేటోళ్ళంతా వచ్చి మా పక్కన కూసోండి," అన్నాడు.

"నవ్వింది తప్పే తాతా. మిమ్మల్ని ఒడ్డుకు చేర్చనీకి ఏం జేయాల?"

అతని గొంతు దిగిపోయింది. "పుట్టి ఎక్కేటోళ్ళ పేర్లు అడగందే తెడ్డు వేయకూడదు పాపా. మునిగితే ఎవరింటికి కబురు పంపాలో తెలియాల గదా. పేరు పిలిచి ఎక్కించుకోవాల, పేరు పిలిచి దించాల. ఆ పొద్దు కత్తికి భయపడి నేను అడగల్యా. ఇప్పుడు వీళ్ళను ఏమని పిలిచి దించేది?"

"నేను అడుగుతా," అంది నాంచారి.

ఒక్కొక్కరి ముందూ కూర్చుని పేరు అడిగింది. కమ్మరి సంజన్న. నేత నేసే మద్దిలేటి. పెళ్ళికి పోతున్న అక్కాచెల్లెళ్ళు తిరుపాలమ్మ, రంగమ్మ. పేరు పలకడానికి వాళ్ళు ఆమె ఊపిరే వాడుకున్నారు. ఒక్కో పేరుకూ ఆమె ఛాతీ బిగుసుకుపోయింది. తెడ్డు పట్టినవాడినీ అడిగింది. "కాశన్న," అన్నాడతను, ఇన్నూరేళ్ళ తరువాత మొదటిసారి.

చివర గాజులమ్మే ఎల్లక్క ఒడిలో పసిబిడ్డ ఉంది. "దీనికింకా పేరు పెట్టల్యా. ఆ సాయంత్రమే పెట్టాల్సింది. ఇది దిగకపోతే నేనూ దిగను," అంది ఎల్లక్క.

"నేనొక పేరు పెడతా."

"కొత్త పేరు పనికిరాదు. పైన మనుషుల నోట్లో మెలిగిన పేరు కావాల. ఇస్తే ఇచ్చినోళ్ళకు మళ్ళా ఉండదు," అన్నాడు కాశన్న.

ఆమెకు ఏడుపు వచ్చింది. అప్పటికి నాయన గొంతు దాకా నీళ్ళు వచ్చి ఉంటాయి. బిడ్డ చెవి దగ్గర వంగి "నాంచారి" అంది.

సుడి ఆగింది. పుట్టి పైకి తేలి ఒడ్డుకు చేరింది. ఎర్రటి ఎండలో ఆమె ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచింది. పిలిచినవాళ్ళు ఇసుక మీద కాలు మోపి, మాయమయ్యారు. బిడ్డ తల్లి భుజం మీద నుంచి ఆమెనే చూస్తూ పోయింది.

రాజ్యంలో శాపం తొలగింది. చచ్చిన నలభై మంది మాత్రం తిరిగి రాలేదు. తరువాత సంగతంతా ఆమె నోట విని, రాజు నిండు సభలో తన పూర్వీకుడు చేసిన పాపం చెప్పి తల దించుకున్నాడు. ఏటి రేవులన్నిటి మీదా అధికారం ఆ పిల్లకే ఇచ్చాడు. ఆ పట్టా మీద ఏ పేరు రాయాలో తెలియక రాయసగాడు కలం పట్టుకుని కూర్చుండిపోయాడు.

అదంతా తరువాతి మాట. ఆ రోజు ఏటి ఒడ్డు నుంచి ఆమె ఇంటికి చేరేసరికి ఓబులేసు గోడకు ఆనుకుని కూర్చుని, ఆఖరి నీళ్ళు ఉమ్మేస్తున్నాడు. కూతురిని చూసి లేచాడు. పిలవబోయాడు. గొంతు బాగానే ఉంది, పేరు మాత్రం రాలేదు. ఎంత వెతుక్కున్నా రాలేదు. ఆమె నెత్తురు చారలు కట్టిన చేతులు చూశాడు, కళ్ళలోకి చూశాడు.

"అమ్మా," అన్నాడు.

ఆమె పలికింది.