అన్ని బోర్లూ ఈశాన్యంలోనే

"ఈ వివరాలన్నీ చెట్టు నీడన కూర్చుని రాశారా?"

వెంకటకృష్ణారావుతో భాగ్యవతి మాట్లాడిన మొదటి మాట అది. నమస్కారం కూడా కాలేదు. అతనింకా గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతున్నాడు.

"ఎవరండీ మీరు?"

"విజయవాడ నుంచి వచ్చిన కంప్యూటర్ ఆపరేటర్ని. మీ పుణ్యమా అని పొద్దుట్నుంచీ తల బాదుకుంటున్నదాన్ని. ఇలా రండి."

1988 వేసవి. నూజివీడులో భూగర్భజలాల సర్వే కోసం ఒక ఇల్లు అద్దెకి తీసుకుని, ఒక గదికి ఏసీ పెట్టించారు. ఆ చల్లదనం మనుషుల కోసం కాదు, కంప్యూటర్ కోసం. ఆగిరిపల్లి, రెడ్డిగూడెం మామిడి తోటల్లో ఏ బోరు ఏ మూలన ఉందో, ఎంత లోతులో నీళ్ళు పడ్డాయో వెంకటకృష్ణారావు ఊరూరా తిరిగి రాసుకొచ్చాడు. అదంతా కంప్యూటర్లో డీబేస్ అనే పట్టికల్లోకి ఎక్కించారు. దాన్ని మ్యాపు గీసే సాఫ్ట్‌వేర్‌లోకి దించడం భాగ్యవతి పని. ఆమె సొంతంగా చేస్తున్న మొదటి మ్యాపు ఇదే. సోమవారం ఇంజనీరు వచ్చి, దీన్ని చూసి కూలీల పేటలకి మంచినీళ్ళ బోర్లు ఎక్కడ వెయ్యాలో తేలుస్తాడు.

తెర మీద తోటలన్నీ గళ్ళుగళ్ళుగా ఉన్నాయి. ప్రతి గడిలోనూ చుక్క ఈశాన్యం మూలనే ఉంది.

"చూశారా? ఈ రెండూ పక్కపక్క బోర్లు. ఒకదాంట్లో నలభై అడుగుల్లో నీళ్ళు, రెండోదాంట్లో నూట ఎనభై. నీటిమట్టం గీతలు గియ్యమంటే చిక్కుపడ్డ నూలులా వస్తున్నాయి."

"దించేటప్పుడు మీరే తారుమారు చేసుంటారు."

"తూర్పు అంకెలు, ఉత్తరం అంకెలు మార్చి కూడా చూశాను. అప్పుడు ఊళ్ళే అటూ ఇటూ అయ్యాయి. తప్పు నా దగ్గర లేదు."

అతను మెడ గోక్కున్నాడు. "కోతల కాలమండీ. కాపు మీదున్న తోటలోకి కౌలుదారు మనుషులు పురుగుని కూడా పోనివ్వరు. గేటు దగ్గర నిలబడి, రైతు చెప్పింది రాసుకున్నాను."

"అందరూ ఈశాన్యమే అన్నారా?"

"నీళ్ళు ఈశాన్యంలోనే ఉండాలంటారు కదండీ."

"ఉండాలంటారు, సరే. ఉన్నాయా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి.

"ఒక్క తోటయినా కళ్ళారా చూద్దాం పదండి. ఈ జాబితాలో హనుమయ్యగారంటే మీ నాన్నగారేగా? అక్కడ మనల్ని ఆపేవాళ్ళుండరు."

"మాదెందుకండీ..." అన్నాడు నీళ్ళు నములుతూ. కానీ ఆమె అప్పటికే సంచి భుజాన వేసుకుంది.

అతని స్కూటరు ఆగిరిపల్లి దాటేసరికి మబ్బు పట్టింది. తోట గేటు దగ్గర దిగీ దిగగానే చినుకులు టపటపా రాలాయి. ఇద్దరూ పరుగెత్తి ఎదురుగా కనబడిన పంపుషెడ్డులో దూరారు. చోటు తక్కువ. తడిసిన జుట్టు దులుపుకుంటే ఆమె జడ అతని మోచేతికి తగిలింది. "సారీ" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఆమె మ్యాపు విప్పి, చుట్టూ చూసి, మళ్ళీ మ్యాపు చూసింది.

"ఏవండీ, ఇది ఆగ్నేయం మూల కదూ?"

"అవును."

"మరి ఇదీ గేటు దగ్గర నిలబడే రాశారా?"

అతను బుకాయించలేదు. "తెలిసే అబద్ధం రాశాను. ఈశాన్యంలో తవ్విస్తే రాయి తగిలింది. ఇక్కడ నీళ్ళు పడ్డాయి. ఆగ్నేయంలో నీళ్ళున్న ఇంటికి పిల్లనెవరిస్తారని నాన్న భయం. నాకు సంబంధాలు చూస్తున్నారు."

"పిల్ల పెళ్ళికొడుకుని చూస్తుందా, బోరుని చూస్తుందా?"

"మీరైతే?"

నోరు జారాడు. భాగ్యవతి బోరు పైపు కింద దోసిలి పట్టి నాలుగు గుక్కలు తాగింది.

"నేనైతే నీళ్ళు చూస్తాను. తియ్యగా ఉన్నాయి."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. "కానీ తప్పు మ్యాపుతో వేసిన బోరు రాతిలో పడితే, పేటలో ఆడవాళ్ళు మళ్ళీ మైళ్ళు నడవాలి. దీన్ని సోమవారం నేను ఇవ్వలేను. మీరు మీ నాన్నగారితో మాట్లాడండి."

"నాన్న పరువు పోతుందంటారు."

"అంతకంటే నేనేం చెప్పనండీ?"

తిరుగు దారంతా స్కూటరు వెనక కూర్చుని ఆలోచించింది. అబద్ధం రాసినవాడి మీద కోపం రావాలి. రాలేదు. తన మీద తనకే విసుగేసింది భాగ్యవతికి. ఆ మనిషి నచ్చాడు, అదీ సంగతి.

మర్నాడు రైతులందరినీ ఆఫీసుకి పిలిపించింది. ఒక్కొక్కరినీ మళ్ళీ అడిగింది. "ఈశాన్యమేనమ్మా" అన్నారు అందరూ, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ. పక్కవాడి ఎదుట ఎవరు ఒప్పుకుంటారు? ఇక మ్యాపు ఆశ వదులుకున్నట్టే అనుకుంటూ ఉండగా, కొడుకుని వెంటబెట్టుకుని హనుమయ్య వచ్చాడు. పెద్ద తోట, ఊళ్ళో పెద్ద మాట. అందరూ జరిగి దారిచ్చారు.

"అమ్మాయ్, నా బోరు ఆగ్నేయంలో పెట్టు."

"అదేంటి హనుమయ్యగారూ!" అన్నారెవరో.

"పిల్లనిచ్చేవాళ్ళకి తెలియకూడదని ఇన్నాళ్ళూ దాచానయ్యా. పిల్లకే తెలిసిపోయాక ఇంకెవరి దగ్గర దాచను?"

కీబోర్డు మీద భాగ్యవతి వేళ్ళు ఆగిపోయాయి. "ఏ పిల్లకండీ?"

"ఇంకే పిల్ల? చేసుకుంటే నిన్నే చేసుకుంటానని నిన్నట్నుంచీ వీడు నా ప్రాణం తీస్తున్నాడు. నీతో చెప్పలేదా?"

"లేదండీ."

హనుమయ్య కొడుకు వైపు తిరిగాడు. "ఒరేయ్!"

"చెబుదామనే వచ్చాను నాన్నా! నువ్వే ముందు అనేశావు!"

గది ఘొల్లుమంది. ఆ నవ్వుల్లోనే ఒకాయన గొంతు సవరించుకుని, "మాది కూడా కాస్త మార్చమ్మా, నైరుతి" అన్నాడు. వెనక నుంచి ఇంకో గొంతు. ఆ తర్వాత ఆపేవాళ్ళు లేరు.

మధ్యాహ్నానికి భాగ్యవతి డేటా అంతా సరిచేసి మళ్ళీ దించింది. గీతలు ఒకదాని వెంట ఒకటి చిక్కు లేకుండా సాగాయి. వెంకటకృష్ణారావు ఆమె కుర్చీ వెనకే నిలబడ్డాడు.

ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు.

"మా నాన్నగారు ఆదివారం ఇంట్లోనే ఉంటారు. బోరు సంగతి నేను చెప్పి ఉంచుతాను. మిగతాది మాత్రం ఈసారి మీరే ముందు చెప్పండి."