రెండు శిఖరాల గ్రాఫ్

సెలూన్ కుర్చీలో వేడి టవల్ కప్పుకొని వెనక్కి వాలిన మనిషి మళ్ళీ లేవలేదు. పక్క కుర్చీలో గడ్డం గీయించుకున్న పెద్దమనిషి డబ్బులిచ్చి, అద్దంలో మీసం సవరించుకొని తాపీగా వెళ్ళిపోయాక గానీ మంగలి ఆ టవల్ తీసి చూడలేదు. మెడ మీద సూది గుచ్చినంత ఎర్రటి చుక్క. కోటు లోపలి జేబు ఖాళీ.

చనిపోయినవాడు గూఢచారి డిపార్ట్‌మెంట్ కొరియర్, రహస్య ఫిల్ములు చేరవేసేవాడు. నెలలో మూడోవాడు.

"ఏ కొరియర్ ఏ దారిన వెళ్తాడో మనకు తప్ప ఎవరికీ తెలీదు," అన్నాడు పెద్దాయన. ఆ స్టేషన్‌కి చీఫ్ ఆయనే. కింద రేడియోలు, ఫ్యాన్లు రిపేరు చేసే షాపు. పైన రెండో అంతస్తులో అసలు ఆఫీసు. "విదేశీ ముఠాకి మనలోనే ఎవరో కబురు పంపిస్తున్నారు. స్కేలూ, ఇది నీ పని."

స్కేలు అన్నది ఆఫీసువాళ్ళు ఆమెకు పెట్టిన పేరు. నిటారుగా నడిచేది, నిటారుగా మాట్లాడేది. మోకాలికి బుల్లెట్ తగిలాక నడక కుంటుపడింది గానీ మాట అలాగే ఉంది. ఫీల్డ్ నుంచి ఆమెను డేటా సెక్షన్‌కి మార్చారు. ఆమె ఖాళీ చేసిన ఫీల్డ్ పోస్టులోకి వచ్చింది సొంత చెల్లెలు. ఆఫీసులో చెల్లెలి పేరు మెరుపు.

పెద్దాయన ఒక టేప్ టేబుల్ మీద పెట్టాడు. "హార్బర్ మానిటరింగ్ వాళ్ళు పట్టిన సిగ్నల్స్. ఒక్కోటి కనురెప్ప పాటు. అన్నీ మన వీధిలోంచే వెళ్ళాయి. ఎప్పుడెప్పుడు వెళ్ళాయో టైములున్నాయి. నాకు మనిషి కావాలి."

ఆమె ముడిలో ఎప్పుడూ గుచ్చి ఉండే పెన్సిలు తీసి, ఏ టైములో ఎన్ని సిగ్నల్స్ వెళ్ళాయో లెక్కకి ఫ్రీక్వెన్సీ టేబుల్ వేసింది. ఒక్కో సిగ్నల్‌కి ఒక్కో నిలువు గీత, అయిదోది అడ్డంగా. పగటిని డ్యూటీల ప్రకారం మూడు భాగాలు చేసింది: ఆరు నుంచి పది, పది నుంచి రెండు, రెండు నుంచి ఆరు. ఆ లెక్కను బార్లుగా నిలబెట్టి హిస్టోగ్రామ్ గీసింది. అటూ ఇటూ మోకాలెత్తు బార్లు. మధ్యలోది మేడలా లేచింది.

పది నుంచి రెండు. ఆ టైములో కొరియర్ల దారులుండే ఫైల్ రూమ్ తాళాలు ఒక్కరి దగ్గరే ఉంటాయి. మెరుపు దగ్గర.

ఆ బార్‌ని చూస్తుంటే స్కేలుకి కడుపులో చల్లగా అనిపించింది. ఆ చల్లదనానికి తనకే సిగ్గేసింది. అయినా అలాగే చూస్తూ కూర్చుంది.

చిన్నప్పటినుంచీ ఇంతే. ఇంటికి ఎవరొచ్చినా ముందు చెల్లెలి బుగ్గే గిల్లేవారు. తను ఏడేళ్ళు చెమటోడ్చి సంపాదించిన పోస్టు దానికి ఏడాదిలో దక్కింది. సరే అనుకుంది. కానీ రేడియో ఆఫీసర్ విషయంలో సరిపెట్టుకోలేకపోయింది. అందరూ హీరో అని పిలిచే ఆ మనిషి ఏడాదంతా ఆమె టేబుల్ దగ్గరే కూర్చుని టీ తాగాడు, మోకాలి నొప్పి ఎలా ఉందని రోజూ అడిగాడు. మెరుపు వచ్చిన వారానికే ఆ కుర్చీ ఖాళీ అయింది. ఇప్పుడు చెల్లెల్ని రోజూ కార్లో దింపేదీ, మళ్ళీ ఎక్కించుకునేదీ అతనే. దింపాక వెంటనే వెళ్ళడు. స్టీరింగ్ ముందు అలాగే కూర్చుని ఉంటాడు. అది మెట్లెక్కుతుంటే చూస్తున్నాడు కాబోలు అనుకునేది, పైన కిటికీ దగ్గర నిలబడి.

ఏ గ్రాఫ్ అయినా బార్‌కి ఇన్ని గంటలని ఒక వెడల్పుతో గీశాక ఇంకో వెడల్పుతో గీసి చూడటం ఆమె అలవాటు. ఆ రోజు చూడలేదు. కాగితం తీసుకెళ్ళి పెద్దాయన ముందు పెట్టింది.

ఆయన మధ్య బార్ మీద వేలు పెట్టాడు. "నీ చెల్లెలమ్మా," అన్నాడు చివరికి.

"బార్‌కి చుట్టరికాలు తెలీవు సార్."

మర్నాడు సాయంత్రం నాలుగింటికి హోటల్ లాబీలో ఆపరేషన్. మెరుపు నకిలీ ఫిల్ముతో కూర్చుంటుంది, ముఠా మనిషి వస్తే డిపార్ట్‌మెంట్ పట్టుకుంటుంది. మెరుపుకి చెప్పింది అంతవరకే. చెప్పనిది ఇంకొకటి ఉంది. ఎదురు మేడ బాల్కనీలో గురి అనే షూటర్ ఉంటాడు. ఆమె కుర్చీలోంచి లేచి ముఠా మనిషితో వెళ్ళబోతే, రేడియోలో కోడ్ వస్తుంది: 'వాన మొదలైంది.' గురి కాలుస్తాడు.

ఆ రోజు రెండింటికి పావుగంట ముందు మెరుపు ఎప్పటిలాగే అక్క టేబుల్ దగ్గరికి వచ్చింది. చిన్న అద్దం తీసి లిప్‌స్టిక్ దిద్దుకుంది. అక్క టీ కప్పు లాక్కుని సగం తాగేసింది. కింద కారు హారన్ మోగింది.

"పిలుస్తున్నాడు, పో," అంది స్కేలు తలెత్తకుండా.

"ఉండనీవే. పొద్దున దిగాక ఇక్కడ కూర్చుంటాను, వెళ్ళేముందు ఇక్కడ కూర్చుంటాను. ఆ మాత్రం ఆగలేడా?" కప్పు కింద పెట్టి గొంతు తగ్గించింది. "అక్కా, ఇవాళ నువ్వుంటే బాగుండేది. ఎందుకో భయంగా ఉంది."

"మెరుపుకి భయమేంటి?"

"ఆ పేరు వాళ్ళు పెట్టింది. నేను నీ చెల్లెల్నేగా."

అది వెళ్ళిపోయాక గదిలో దాని సెంటు వాసన మిగిలింది. స్కేలు సగం మిగిలిన టీ పక్కకి జరిపింది. తర్వాత కొత్త గ్రాఫ్ షీట్ తీసింది. ఈసారి నాలుగు గంటల వెడల్పు కాదు, అరగంట.

మేడ కూలిపోయింది. దాని స్థానంలో రెండు శిఖరాలు లేచాయి. పది దాటగానే ఒకటి, రెండు కాబోతుండగా ఒకటి. మధ్యలో, అంటే మెరుపు ఫైల్ రూమ్‌లో ఒంటరిగా ఉండే మూడు గంటల్లో, ఒక్క సిగ్నల్ లేదు.

ఆ రెండు శిఖరాల టైములో చెల్లెలు ఎక్కడుంటుంది? రోజూ తన ముందే. తన టీ తాగుతూ.

కింద ఎవరుంటారు?

కిటికీ దగ్గర నిలబడి కుళ్ళుకున్న ప్రతి రోజూ ఆమెకు గుర్తుంది. కారు ఆగడం, అది దిగడం, అతను కదలకుండా కూర్చోవడం. ఆ కళ్ళు మెట్ల వైపు లేవు. ఆ చెయ్యి ఎప్పుడూ డాష్‌బోర్డ్ మీద సిగరెట్ లైటర్ దగ్గరే ఉండేది. రేడియో ఆఫీసర్ కాబట్టి కొరియర్ల దారులన్నీ ముందు అతనికే తెలుస్తాయి.

గడియారం మూడున్నర దాటింది. పెద్దాయనకు ఫోన్ చెయ్యాలి. ఆయన మారువేషంలో లాబీలో ఉన్నాడు. రేడియో ఒక్కటే దారి. ఆ రేడియో హోటల్ పార్కింగ్‌లో కార్లో కూర్చున్న హీరో చేతిలో ఉంది. మెరుపు చెవిలో మాట్లాడేదీ, గురి చెవిలో మాట్లాడేదీ అతనే. లేచి వెళ్ళమని ఆమెకు చెప్తాడు, కాల్చమని గురికి చెప్తాడు. దొంగ దొరికిందని ఫైలు మూసేస్తారు. ఆ ఫైల్లో మొదటి కాగితం తన గ్రాఫ్.

హోటల్‌కి ఆమె ఎక్కిన టాక్సీ ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఆగింది. రెండు నిమిషాలు ఆలస్యమైతే చాలు, జీవితంలో ఇంకెప్పుడూ చెల్లెలి పక్కన నిలబడి చిన్నబోవక్కర్లేదు. ఆ ఆలోచన ఎంత మెత్తగా వచ్చిందంటే, అది తనదేనని నమ్మడానికి ఆమెకు ఒక క్షణం పట్టింది. తలుపు తోసుకుని దిగి, మోకాలు ఈడ్చుకుంటూ పరిగెత్తింది.

లాబీలో ఆకుపచ్చ డ్రెస్సులో మెరుపు లేచి నిలబడి ఉంది. పక్కన బూడిదరంగు సూటులో మీసాల పెద్దమనిషి. ఇద్దరూ తలుపు వైపు ఒక అడుగు వేశారు.

పేరు పెట్టి పిలిస్తే సూటువాడు సూది తీస్తాడు. స్కేలు ఆలోచించలేదు. నేరుగా వెళ్ళి, కిటికీకీ చెల్లెలికీ మధ్య నిలబడి, చెంప ఛెళ్ళుమనిపించింది.

"సిగ్గు లేదుటే! నా మనిషే దొరికాడా నీకు?"

లాబీ అంతా తిరిగి చూసింది. మెరుపు నోరు తెరిచింది. రెండో చెంప కూడా మోగింది. జుట్టు పట్టుకుని స్తంభం వెనక్కి ఈడ్చి, చెవిలోని యంత్రాన్ని పీకేసి గుసగుసగా అంది: "హీరోయే దొంగ. కదలకు."

సూటువాడు మెల్లగా జారుకోబోయాడు. ట్రే పట్టుకున్న ముసలి వెయిటర్ అతని మణికట్టు మెలితిప్పాడు. ట్రేతో పాటు తెల్ల గడ్డం కూడా ఊడి కిందపడింది. పెద్దాయన.

"సార్, పార్కింగ్‌లో హీరో కారు. సిగరెట్ లైటరే ట్రాన్స్‌మిటర్," అంది స్కేలు.

హీరోని కారు దిగనివ్వకుండానే పట్టుకున్నారు. గురి తుపాకీ సంచీలో పెట్టి బాల్కనీ దిగి వచ్చాడు. "కోడ్ వచ్చేసింది. వేలు బిగించాను. స్కోపులో ఆకుపచ్చ రంగు పోయి, పెన్సిలు గుచ్చిన ముడి ఒకటి కనిపించింది, వేలు తీసేశాను," అన్నాడు.

తర్వాత అందరూ మెరుపు చుట్టూ మూగారు. ఒకరు నీళ్ళిచ్చారు, ఒకరు కోటు కప్పారు, ఎంత ధైర్యమో అని పొగిడారు. స్కేలు దూరంగా సోఫాలో మోకాలు పట్టుకుని కూర్చుంది. పళ్ళు కొరుక్కుంది. అదీ మామూలే.

మెరుపు వాళ్ళని తప్పించుకుని వచ్చి పక్కన కూలబడింది. రెండు బుగ్గలూ కందిపోయి ఉన్నాయి.

"గ్రాఫ్ నువ్వే ఇచ్చావట కదా. పెద్దాయన చెప్పాడు."

"మొదటిదీ నేనే. రెండోదీ నేనే."

మెరుపు భుజం మీది కోటు సర్దుకుంది. తర్వాత అక్క భుజానికి తల ఆనించి, బుగ్గ తడుముకుంది. "నాటకం కోసం కొట్టావు, అర్థమైంది. అంత గట్టిగా కొట్టాలా?"

"మొదటిది డిపార్ట్‌మెంట్ కోసం," అంది స్కేలు. "రెండోది నా సొంత ఖర్చు."