అంచు నున్నని ఆకులు

హార్లన్ ప్రూయిట్ నోట్లో ఒక్క పన్ను లేదు. మజ్జిగలో నానేసిన మొక్కజొన్న రొట్టెని గ్లాసులోంచి చెంచాతో తింటూ, శ్మశానం గేటు దగ్గర తన ట్రక్కుకి ఆనుకుని నిలబడ్డాడు. వెల్డా క్రంప్ ముందుగా అతని గోళ్ళకేసి చూసింది. మట్టి లేదు. ఉంటే ఆమె పని తేలికయ్యేది.

దక్షిణ మిస్సోరీ కొండల్లో సెప్టెంబరు సాయంత్రం. అక్కడి చర్చి కాలిపోయి చాలా ఏళ్ళయింది. మిగిలిందల్లా ఓక్ చెట్ల నడుమ ఎకరం గడ్డినేల, పాతిక సమాధిరాళ్ళు. నాగలి ఎరగని నేల. దాని మీదుగా నవంబరులో కొత్త రోడ్డు వేస్తారు. ఆపడానికి ఒకటే దారి ఉంది. తీపి గోల్డెన్‌రాడ్ అనే అరుదైన పూలమొక్క అక్కడ తనంత తానే మొలిచిందని, ఎవరూ తెచ్చి నాటలేదని వెల్డా సంతకం పెట్టాలి. ఆ చుట్టుపక్కల ఆ మొక్క కనబడి ముప్ఫై ఏళ్ళు. సరిగ్గా రోడ్డు కబురొచ్చిన నెలలోనే అది హార్లన్ కంటబడింది.

మొక్కల సర్వేలో వెల్డాది ఇరవై ఆరేళ్ళ నౌకరీ. నర్సరీలో కొన్నవి పాతేసి, తాతలనాటివని ఒట్టేసినవాళ్ళని ఎంతమందిని చూడలేదు?

"మీరే నాటారా హార్లన్ గారూ?" అని సూటిగా అడిగేసింది.

"ఈ నేలలో నేను పాతింది నెటీని ఒక్కదాన్నే." అతను మూతి తుడుచుకున్నాడు. "మీ సర్కారోళ్ళు పువ్వుక్కూడా పుట్టిన తేదీ అడుగుతారేంటి తల్లీ?"

నెటీ అతని భార్య. పోయి పదకొండేళ్ళయింది. గాడిద తన్ని ముందుపన్ను ఊడిందని, అప్పట్నుంచీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వేదని, ఈ ఆకుతోనే టీ కాచేదని, కంగారు పుడితే పచ్చిదే నమిలేదని అడక్కుండానే చెప్పుకొచ్చాడు. అడక్కుండా చెప్పేవాళ్ళంటే వెల్డాకి మొదట్నుంచీ అనుమానమే.

ఒకవైపుకి ఒరిగిన పసుప్పచ్చని కంకులు దూరం నుంచే కనబడ్డాయి. దగ్గరికెళ్ళి ఆగిపోయింది. మొక్కలు గీత గీసినట్టు ఒక మడిలా పెరిగాయి. మనిషి పొడుగు మడి. తల దగ్గర నెటీ రాయి. దాని పక్కనే ఇంకో మడి ఉంది, మూరన్నర పొడుగు. దానికి రాయి లేదు.

"ఈ చిన్నది ఎవరిది?"

"అక్కడేం లేదు," అన్నాడు హార్లన్ గేటు దగ్గర్నుంచే. లోపలికి మాత్రం రాలేదు.

రోడ్డు ఆపాలని ఇతనికెందుకంత పట్టు? పువ్వు కోసమా, నేల తవ్వకూడదనా? మోకాళ్ళ మీద కూర్చుని చిన్న మడి అంచున వేళ్ళ దాకా మట్టి తీసి చూసింది. కుండీ మట్టి జాడే లేదు. వేళ్ళు రాళ్ళసందుల్లోకి పాతుకుపోయాయి. ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నట్టు.

ఆకుని ఎండకి పట్టి భూతద్దంలోంచి చూసింది. సూదితో పొడిచినట్టు సన్నని చుక్కలు. ఉండాల్సిందే. అంచు నున్నగా ఉంది, రంపపు పళ్ళు లేవు. అదీ సరే. 'అంచు నున్నన' అని పుస్తకంలో రాసుకుంది. ఇక నలిపితే సోంపు వాసన రావాలి. నలిపింది. ఏ వాసనా లేదు. ఇంకోటి నలిపింది. ఉత్త గడ్డివాసన.

పదికి తక్కువుంటే ఒక్క కాడ కూడా కొయ్యకూడదన్నది వాళ్ళ వృత్తిలో కట్టుబాటు. చిన్న మడిలో ఏడే ఉన్నాయి. కానీ అనుమానమంతా దాని మీదే. ఒక కాడ కోసేసింది.

పొద్దు కొండ వెనక్కి దిగింది. కీచురాళ్ళు ఒక్కసారిగా ఆగిపోయాయి.

అప్పుడొచ్చింది వాసన. సోంపు వాసన. ఆకు నలిపిన చేతి నుంచి కాదు... చెవి వెనకనుంచి. వెచ్చగా. వచ్చింది. ఆగింది. మళ్ళీ వచ్చింది... ఊపిరిలా.

వెల్డా కదల్లేదు. గేటు దగ్గర హార్లన్ ఎవరితోనో గుసగుసలాడుతున్నాడు.

"నెటీ... ఆ చిన్నదాన్ని పట్టుకో, పోనీకు."

కాడ పట్టుకున్న చేతి మణికట్టు మీద ఇంకో ఊపిరి తగిలింది. చిన్నది. గబగబా.

ఎలా లేచిందో, కారెలా ఎక్కిందో ఆమెకే తెలీదు. దారిలో మాత్రం తనని తాను కేకలేసుకుంది. ముసలాడు సోంపు నూనె చల్లి ఉంటాడు. ముసలాళ్ళు చచ్చిన పెళ్ళాలతో మాట్లాడుకోరా ఏమిటి?

ఇంటికొచ్చి రాత్రి తొమ్మిదింటికి వంటింటి బల్ల మీద ఫారం పరిచింది. మొక్కల్ని మనుషులు నాటిన ఆనవాళ్ళున్నాయా, అన్నది ఆఖరి ప్రశ్న. దాని కిందే సంతకం గీత. మొక్కల వేళ్ళు చూసింది కనక 'లేవు' అనే రాయాలి. రాసేముందు ఇంకోసారి చూద్దామని, ఆకులు ఎండబెట్టే చెక్కల పట్టీలు విప్పింది. ఇంటికి రాగానే, చేతిలోనే ఉండిపోయిన కాడని మధ్యలో పెట్టి వాటిని బిగించింది తనే. మధ్యలో తన చేత్తో పెట్టిన పాత న్యూసుపేపర్లే.

కాడ మీద తొమ్మిది ఆకులు. ఎనిమిది ఆకులకి అంచు నున్నగా లేదు. వరసగా గాట్లు... కొరికిన గాట్లు. ముందుపన్ను ఊడిన సందు ఎక్కడా లేదు. ఒక్కో గాటూ బియ్యపుగింజంత.

హార్లన్‌కి ఫోన్ చేసింది. గొంతు మామూలుగానే ఉంచుకుంది. ఆ రెండో మడిలో ఉన్నది మీ బిడ్డా, అని అడిగింది.

"మాకు పిల్లల్లేరమ్మా." తర్వాత నెమ్మదిగా అడిగాడు. "అక్కణ్ణుంచి నువ్వేం కోసుకెళ్ళలేదు కదా?"

వెల్డా బల్లకేసి తిరిగింది. తొమ్మిదో ఆకు లేదు. ఫారం పెట్టినచోటే ఉంది. సంతకం గీత ఉన్న మూల మాత్రం నెలవంకలా కొరికి ఉంది.

ఇంకా తడిగా.